కెంపమ్మ రవికకు కత్తెర పడిన రోజు

మడివాళ మార్కెట్ వెనక సందులో రామాంజినప్ప తాత బట్టలు కుట్టబట్టి నలభై ఏళ్లు. ఒకప్పుడు కళ్లు మూసుకుని కత్తిరించేవాడట. అడగకపోయినా ఈ సంగతి చెబుతాడు. నాలుగేళ్లుగా మాత్రం ఆయన కత్తెర గుడ్డ దాకా వెళ్లడం, వెనక్కి రావడం. కొలత సరిపోయిందా అని అనుమానం. మళ్లీ కొలుస్తాడు. ఈసారి కొలిచిన చెయ్యి మీదే అనుమానం. సుద్దగీతలు చెరిపి గీసి, చెరిపి గీసి, రవిక గుడ్డ మీద బెంగళూరు బస్సు రూట్లన్నీ చూపిస్తాడు.

కొలతకని ఇచ్చిన పాత రవికనూ నమ్మడు. దాన్ని సరిచూడడానికి ఇంకోటి తెమ్మంటాడు. అట్లా పూలమ్మే కెంపమ్మవి మూడు రవికలు ఆయన చెరలో ఉన్నాయి.

"రామన్నా, వచ్చే నెల నా కూతురింట్లో గృహప్రవేశం. ఉండే రవికలన్నీ నీ దగ్గరే ఉండాయి. దుప్పటి కప్పుకొని పోవాల్నా?"

"రేపిస్తానమ్మా."

"నీ రేపుకు నెల దాటింది లేప్పా!"

ఆ సాయంత్రం తాత, "నా చేతిలో పని పోయిందే మునీ. అంగడి మూసేస్తా" అన్నాడు. ఎప్పటిలా అరిచి అనలేదు. అందుకే ఆయన పెండ్లాం మునిలక్ష్మవ్వ భయపడి, మానసిక వైద్యురాలు డాక్టర్ శ్రీజ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ అంతా విని, దీన్ని ఓసీడీ అంటారు, చేసిందే మళ్లీ మళ్లీ సరిచూసుకోమనే అనుమానపు జబ్బు, తగ్గించుకోవచ్చు అంది.

"ముందు నా మీద నాకు నమ్మకం రానీ తల్లీ, అప్పుడు కత్తిరిస్తా."

"అలా ఎదురుచూస్తే రాదండీ. ఎంత ఎక్కువ చెక్ చేస్తే నమ్మకం అంత తగ్గుతుంది. ఒక్కసారి కొలిచి కత్తిరించండి. భయం వేస్తే వేయనివ్వండి." తర్వాత అవ్వతో, "సరిగ్గా ఉందా అని అడిగితే మీరు అవునని చెప్పకూడదు" అంది.

అవ్వకు అంత నచ్చిన మందు ఏ డాక్టరూ రాయలేదు.

మూడు వారాలు పాత దుప్పట్ల మీద, దిండు గలీబుల మీద సాధన. ఆ తర్వాతి గురువారం, గృహప్రవేశానికి కుట్టమని కెంపమ్మ ఇచ్చిన పచ్చపట్టు గుడ్డ బల్లెక్కింది. తాత ఒక్కసారి కొలిచాడు, గీశాడు. చెయ్యి మళ్లీ టేపు మీదికి పోయింది.

"మునీ, సరిగా ఉండాదా?"

అవ్వ అనపకాయలు ఒలుస్తూ, "ఏమోప్పా. తప్పుండొచ్చు" అంది.

"చంక దగ్గర?"

"అదీ తప్పుండొచ్చు."

"నువ్వు పెండ్లామా, పగదానివా?"

"అదీ చెప్పలేను!"

తాతకు నవ్వొచ్చింది. గుండె మాత్రం మిషన్ కంటే జోరుగా కొట్టుకుంటోంది. అలా కొట్టుకుంటుండగానే కత్తెర దించాడు. కరకరమని పట్టు రెండు ముక్కలైంది.

శనివారం కెంపమ్మ వచ్చి, తొడిగి చూసుకుంది. "చెయ్యి బిగువుగా ఉండాది రామన్నా!"

తాత ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది.

"లోపల గుడ్డ వదిలినా గదమ్మా. ఇటియ్యి, నువ్వు టీ తాగుతా కూర్చో" అని కుట్టు విప్పాడు. నాలుగేళ్లు ఏ తప్పుకు వణికాడో, అది టీ చల్లారేలోపే సర్దుకుంది.

మధ్యాహ్నం ఇంకో రెండు గుడ్డలు కత్తిరించాడు. మూడోదాన్ని రెండుసార్లు కొలిచి, ఎవరైనా చూశారేమోనని తల తిప్పాడు. అవ్వ చూడనే చూసింది.

"వచ్చిందే మళ్లీ, దొంగముండ" అని తాత తన అనుమానాన్ని తానే తిట్టి, నవ్వి, కత్తెర ఆడించాడు.