రెండు చేతులూ ఎత్తిన అంపైరు

కువైట్‌లో ఒక ఫుట్‌బాల్ కప్పు చేతిదాకా వచ్చి ఎలా జారిపోయిందో చెప్పాలంటే, ముందు దాన్ని జారవిడిచిన చేతుల గురించి చెప్పాలి. అవి నావి. ఇప్పటికీ నా భుజాలకే వేలాడుతున్నాయి కాబట్టి బుకాయించే వీలు లేదు.

అప్పట్లో నేను ఇక్కడి ఒక ఇంగ్లీషు దినపత్రికలో ఆటల పేజీ చూసేవాణ్ణి. మా పక్క ఫ్లాట్‌లో సునీత ఉండేది. అమలాపురం అమ్మాయి, నర్సు. ఆమె ఆసుపత్రిలో పనిచేసే ఐర్లండ్ నర్సులు తమ దేశపు గేలిక్ ఫుట్‌బాల్‌కు ఓ క్లబ్బు పెట్టుకున్నారు. ఒక శుక్రవారం మనిషి తక్కువైతే ఈమెను లాక్కుపోయారు. ఇక వదల్లేదు.

బంతిని చేత్తోనూ పట్టవచ్చు, కాలితోనూ తన్నవచ్చు. రెండు నిలువు కర్రలు, వాటి మధ్య ఒక అడ్డకర్ర. అడ్డకర్ర కింద వలలో పడితే గోలు, మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక పాయింటు. ఆట అంతే.

ఆ చలికాలమంతా సునీత జట్టు గెలుస్తూ వచ్చి ఫైనల్ చేరింది. కానీ ఆమె వెనక వరుసలో కాపలా. సీజనంతా ఇతరుల పాయింట్లు ఆపడమే తప్ప, తన పేరున ఒక్కటీ లేదు. పైగా ఆమెకు ఐర్లండ్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఫైనల్ శుక్రవారం, విమానం మంగళవారం.

"అక్కడ ఈ ఆట ఊరూరా ఉంటదంటండి అన్నయ్యగారూ. కప్పు గెలిచామని, ఒక్క పాయింటన్నా కొట్టానని చెప్పుకోవద్దాండి?" అంది.

"కొడతావమ్మా," అన్నాను. కొట్టింది కూడా. అక్కడే నేను అడ్డుపడ్డాను.

ఫైనల్‌కు గోలు కర్రల దగ్గర నిలబడే అంపైర్లు రెండు జట్లకూ చెందనివాళ్ళు కావాలన్నారు. అల్ రాయ్ పారిశ్రామికవాడ వర్క్‌షాపుల క్రికెట్‌లో ఏళ్ళ తరబడి అంపైరింగ్ చేసిన నేను, అడిగేలోపే ఒప్పుకున్నాను. పక్క ఫ్లాట్ సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. రెండో కర్రకు మా క్రికెట్ జోడీ రాజన్నను తీసుకుపోయాను. జగిత్యాల వాడు, మెకానిక్కు.

మాకు తెల్లకోట్లు ఇచ్చారు. పాఠకులారా, ఆ కోటే నా కొంప ముంచింది. క్రికెట్‌లో వేసుకున్న కోటు లాంటిదే! భుజాల మీద పడగానే నా ఛాతీ పెళ్ళిపందిరిలో మామగారి ఛాతీలా పొంగింది. ఐర్లండ్ రిఫరీ ఓపిగ్గా చెప్పాడు. "గోలైతే పచ్చజెండా. పాయింటైతే తెల్లజెండా. బంతి కర్రల బయటికి పోతే రెండు చేతులూ తలపైకి ఎత్తండి." నేను గుండీలు సర్దుకుంటూ తలాడించాను.

"అన్నా, ఆయనేమన్నడే?" అన్నాడు రాజన్న.

"నన్ను చూస్తూ ఉండు. నేనేం చేస్తే నువ్వూ అదే చెయ్యి."

"గంతేనా? నువ్వు దుంకితే నేను గూడ దుంకుత."

ఆట మొదలైంది. పాయింట్లకు తెల్లజెండాలు చక్కగానే ఊపాం. చివరి నిమిషంలో స్కోర్లు సమానం. ఇసుకగాలి లేచింది. బంతి ఎటో తిరిగి సునీత చేతుల్లో పడింది. తన కాపలా వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చి, దూరం నుంచే ఒక్క తన్ను తన్నింది. బంతి మా నెత్తి మీదుగా, అడ్డకర్రకు రెండు మూరల పైనుంచి, కర్రల నడిమధ్యగా పోయింది.

ఆనందంలో జెండా మరిచాను. ఒంటి మీద తెల్లకోటు, గాల్లో బంతి. ఏళ్ళనాటి అలవాటు నిద్ర లేచింది. సిక్సర్! రెండు చేతులూ ఆకాశానికి ఎత్తాను. అటు చూస్తే రాజన్న చేతులు నాకంటే ఎత్తున ఉన్నాయి.

ఆ దుమ్ములో రిఫరీ పరుగెత్తుకొచ్చాడు. "మీరిద్దరూ నిశ్చయంగానే చెబుతున్నారా?"

"నేను ఇచ్చిన నిర్ణయం వెనక్కి తీసుకోవడమనేది లేదు," అన్నాను.

"ఖలాస్!" అన్నాడు రాజన్న, నా మాటకు బలంగా.

రిఫరీ ఈల వేశాడు. ఆట డ్రా. వచ్చే శుక్రవారం మళ్ళీ ఆడాలి.

సునీత నా దగ్గరికి వచ్చింది. "బంతి ఎటెళ్ళిందండి అన్నయ్యగారూ?"

"నడిమధ్యగా! ఎంత అందంగా పోయిందమ్మా!"

"మరి బయటికెళ్ళిందని చేతులెందుకెత్తారండి?"

"అది... సిక్సర్."

సెలైన్ సూది తనే పీకేసుకున్న రోగిని నర్సు ఎలా చూస్తుందో అలా చూసింది. నేను రిఫరీ వెంట పడ్డాను. "అడిగాను కదా! వెనక్కి తీసుకునేది లేదన్నది మీరే," అంటూ అతను కారెక్కాడు.

"నేనైతే నిన్ను జూసే ఎత్తిన. నా మీదికి రాకున్రి," అన్నాడు రాజన్న, కోటు విప్పేస్తూ.

మంగళవారం ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. సునీత లోపలికి పోతూ వెనక్కి తిరిగింది. నేను రెండు చేతులూ ఎత్తి ఊపాను.

"దించండి అన్నయ్యగారూ!" అని అక్కడినుంచే కేకేసింది. "విమానం కూడా బయటికెళ్ళిపోయిందనుకుంటారు!"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, చేతులు దించాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం సునీత లేని జట్టు ఓడిపోయింది. సాయంత్రం ఐర్లండ్ నుంచి ఫోను.

"ఎంత తేడా అన్నయ్యగారూ?"

"ఒక్క పాయింటమ్మా."

"అదా అండి. అది నాతో తెచ్చేసుకున్నానండి."

అందుచేత, ఈ పత్రికా ముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మనవాళ్ళు ప్రపంచకప్పు ఆఖరి బంతికి సిక్సర్ కొట్టినా, నేను ఒక్క చెయ్యే ఎత్తుతాను. రెండోది రాజన్న పట్టుకుని ఉంటాడు. అందుకు ఒప్పుకున్నాడు.