అరచేత్తో విన్న బండి

జగిత్యాలలో మా బడికి పోయే దారిలో కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. నిన్న పొద్దున దాని ముందునుంచి పోతుంటే మిషన్ నూనె, కిరోసిన్ కలిసిన వాసన గుప్పుమంది. నాకు తెలియకుండానే చెయ్యి బ్రేకు మీద పడింది. లోపల ఒకాయన మిషన్ విప్పి, గిన్నెలో నట్లు నానబెట్టి, ఒక్కొక్కటే వేళ్లతో కడుగుతున్నాడు. బడికి ఆలస్యమవుతుందని తెలిసీ, కుడికాలు నేలకు ఆనించి, బండి మీద కూర్చునే కాసేపు చూశాను. ఆ వాసన నాకు మిషన్లది కాదు, కోరుట్లలో మా పక్కింట్లో ఉండిన రాజేశం కాకది. ఆయన చొక్కాకీ అదే వాసన, తువ్వాలకీ అదే వాసన, ఆయన జేబులోంచి తీసిచ్చే పల్లీలకీ అదే వాసన. అయినా తినేదాన్ని, ఏం చేస్తాను మరి!

రాజేశం కాక మాకు చుట్టం కాదు. సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచెలు బాగుచేసిన జాబర్. కరెంటుతో నడిచే మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. సాంచె మొరాయించినా, బట్టలో పోగులు తప్పినా జాబర్‌కే కబురు పోతుంది. చేతకానంత వయసు వచ్చాక కోరుట్లలో బిడ్డ దగ్గరికి వచ్చి ఉన్నాడు. సాంచెల చప్పుడు ఆయన చెవులను ఎప్పుడో తినేసింది. మనం మాట్లాడుతుంటే పెదవులు చూసి మాట అందుకునేవాడు. మొహం పక్కకు తిప్పి మాట్లాడితే మాత్రం కోపం వచ్చేది.

నా సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. తొడ నుంచి పాదం దాకా ఇనుప పట్టీల క్యాలిపర్ కట్టుకుని నడుస్తాను. సైన్సు టీచరుని. అప్పట్లో పక్కచక్రాలున్న స్కూటరు మీద బడికి పోయి వచ్చేదాన్ని. అది చాలదా అని అందరూ అడిగేవారు. చాలదు. మా బాపుకు ఒక ఫట్‌ఫటి, పాతకాలం మోటారుసైకిలు, ఉండేది, నేను పుట్టకముందే కొన్నది. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని మెట్‌పల్లి రోడ్డు మీద తిప్పేవాడు. కాలు సంగతి గుర్తురాని చోటు నాకు అదొక్కటే. బాపు పోయాక ఆ బండి మా ఇంటి వెనక రేకుల కింద తుప్పు పట్టింది. ఒకరోజు బాపు వాళ్లన్న, మా పెద్దబాపు వచ్చి, దాన్ని తన కొడుకు శీనుకు ఇద్దామన్నాడు.

"ఊకె పెడితే ఇనుమైతది. మావోడు మంచిగ జేయించుకొని తోలుకుంటడు," అన్నాడు అవ్వతో, అంటే మా అమ్మతో.

"నేను తోలుతా," అన్నాను.

పెద్దబాపు నా కాలి వైపు చూసి, చూడనట్టే తల తిప్పుకున్నాడు. చెడ్డ మనిషి కాదు, అందుకే ఇంకా ఒళ్లు మండింది. "సరే బిడ్డా. దసరనాడు జమ్మి కాడికి నువ్వు తోలుకొనిరా. బండి నీది. లేకుంటే తెల్లారి శీను తీస్కపోతడు," అన్నాడు. దసరాకు మూడు నెలలుంది. అంత ధైర్యంగా అన్నానే గానీ ఆ బండికి నట్టు ఏదో బోల్టు ఏదో కూడా నాకు తెలియదు.

మర్నాడు ఆదివారం. రేకుల కింద చేరి, సుత్తి పట్టుకుని, ఇంజన్ పక్కన ఊడిరాని ఒక నట్టును తిట్టుకుంటూ బాదుతున్నాను. ప్రహరీ అవతలి నుంచి రాజేశం కాక తొంగిచూశాడు. గోడ మీద పెట్టిన ఆయన చేతికి నా సుత్తి దెబ్బల అదురు తగిలిందట.

"గంతగనం కొట్టకు బిడ్డా. గది సెవిటిది గాదు, నేను సెవిటోన్ని," అన్నాడు.

ఇవతలికి వచ్చి ఆ నట్టు చుట్టూ కిరోసిన్ పోసి, కదిలించొద్దని చెప్పి, కూర్చుని పల్లీలు ఒలిచాడు. గంటసేపు అంతే. నాకు ఓపిక తక్కువ, లోపల కుతకుతలాడిపోతున్నాను. తర్వాత పానా పెట్టి తిప్పితే నట్టు మెత్తగా వచ్చేసింది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం, బడి అయ్యాక, మా ఇద్దరికీ అదే పని.

ఆయన పద్ధతులు నాకు వింతగా ఉండేవి. విప్పిన ప్రతి సామానునూ విప్పిన వరుసలోనే నూలుదారానికి గుచ్చి ముడి వేయించేవాడు. కొన్నాళ్లకు రేకుల కింద దండెం మీద ఇంజన్ మొత్తం పూలదండలా వేలాడింది. అవ్వ బట్టలారేయడానికి చోటు లేదని గొణిగేది. ఇంకో పద్ధతి, ఏది అడిగినా జవాబు చెప్పకపోవడం. "గిదెందుకు కాక?" అంటే, "నీకేమనిపిస్తది?" అనేవాడు. "నాకేం ఎర్క?" అంటే, "చెయ్యి పెట్టు, ఎర్కైతది," అనేవాడు. చెయ్యి పెట్టడమంటే ఉత్తమాట కాదు. సాంచెల షెడ్డులో మంచి చెవులున్నవాడికీ ఏమీ వినిపించదు. అందుకని జాబర్ నడుస్తున్న సాంచె చట్రం మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏది లూజుగా ఉందో, ఏది రాసుకుంటోందో పట్టుకుంటాడు. ఆ నలభై ఏళ్ల అలవాటుతో ఆయన అన్నిటికీ అరచెయ్యి ఆనించేవాడు. మా ఇంటి నీళ్ల మోటారుకు ఆనించి, "గిది ఇంకో నెల గూడ బతుకది," అన్నాడు. ఇరవై రోజులకే కాలిపోయింది.

బండిని కడిగి నిలబెట్టిన నాడు నాకొక ఆశ్చర్యం ఎదురైంది. ఇప్పటి బండ్లకు గేర్లు ఎడమకాలికి ఉంటాయి, అందుకే అవి నాకు పనికిరావు. బాపు బండికి గేర్లు కుడివైపు ఉన్నాయి! కిక్కు కూడా కుడివైపే. ఇన్నేళ్లు మా ఇంట్లోనే ఉన్న ఆ బండిని నేను సరిగా చూడనే లేదని సిగ్గేసింది.

"కాక, గిది నాకోసమే చేసినట్టున్నది," అని అరిచాను.

"సాంచెలల్ల గూడ గంతే బిడ్డా. ఎడమచేతి సాంచె ఉంటది, కుడిచేతి సాంచె ఉంటది. రెంటిని ఎదురెదురుగ పెడితె నడుమ నిలబడ్డోడు రెండు సూసుకుంటడు. ఏది తప్పు గాదు, మనిషి యాడ నిలబడ్డడో గదే లెక్క," అన్నాడు. తర్వాత ఎడమవైపు వంగి, "గని బ్రేకు ఎడమకాలికే ఉన్నది గదా," అని తల గోక్కున్నాడు.

ఇద్దరం చాలా రోజులు దాని గురించే ఆలోచించాం. వెనక బ్రేకు కాలి నుంచి చేతికి రావాలి. కుడిచేతికి ముందు బ్రేకు ఉంది. ఎడమచేతికి క్లచ్చు ఉంది. ఒకరోజు పొద్దున్నే కాక గోడ దగ్గరికి వచ్చి, "సిరిసిల్ల పోదాం పా," అన్నాడు. బస్సులో పోయాం. ఆయనకు తెలిసిన షెడ్డులో పాడైన సాంచెలను ఒక మూలకు పడేశారు. వాటిలోంచి ఒక హ్యాండిల్ విప్పి తెచ్చాడు. సాంచెకు పక్కన ఉండే ఆ ఇనుప హ్యాండిల్‌ను ముందుకు నెడితే మోటారు పట్టా తగులుకుని సాంచె నడుస్తుంది. వెనక్కి లాగితే పట్టా విడిపోతుంది, దాంతోపాటే బ్రేకు పడుతుంది. రెండు పనులూ ఒక్క లాగుడులోనే. చేతులు పడిపడి అది వంకీ దగ్గర నున్నగా అరిగి ఉంది. చుట్టూ చెవులు పగిలే చప్పుడు, నాకేమో ఒక్క ముక్క వినబడదు. కాక మాత్రం అక్కడున్నవాళ్లతో పెదవులు చూసి హాయిగా కబుర్లు చెప్పుకున్నాడు. ఆ షెడ్డులో చెవిటిదాన్ని నేనే.

ఆ హ్యాండిల్‌ను కోయించి, సానబట్టించి, బండి ఎడమ పిడి కింద బిగించాడు. క్లచ్చు తీగనూ వెనక బ్రేకు తీగనూ రెంటినీ దానికే కట్టాడు. "ఒక్క చేతికి రెండెందుకు? గుంజినవా, అన్ని ఆగుతయ్," అన్నాడు గొప్పగా. నాకూ అద్భుతంగా అనిపించింది. దసరాకు ఇంకా పది రోజులుంది.

ఊరి బయట ఖాళీ జాగాలో మొదటిసారి నడిపాను. మొదటి గేరులో బండి కదిలింది, ఒళ్లంతా సంతోషం. రెండో గేరు వేద్దామని హ్యాండిల్ లాగాను. బండి ఠక్కున ఆగిపోయింది, నేను ఎగిరి కంకర మీద పడ్డాను. క్యాలిపర్ పట్టీ ఒకటి వంగింది, మోచెయ్యి దోక్కుపోయింది. గేరు మార్చాలంటే క్లచ్చు పట్టాలి, క్లచ్చు పడితే బ్రేకు పడుతుంది! సాంచెకు గేర్లెక్కడివి? దాన్ని విడదీసేది ఆపడానికి మాత్రమే. నలభై ఏళ్ల జాబర్‌కు ఆ సంగతి తట్టలేదు, సైన్సు టీచరుకూ తట్టలేదు. మా ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సిగ్గు వేయాలో చెప్పలేను.

సాయంత్రానికల్లా పెద్దబాపుకు తెలిసిపోయింది. "వద్దు బిడ్డా, కాళ్లు చేతులు ఇరగ్గొట్టుకుంటవు," అన్నాడు. కాక మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. నాకు కోపం వచ్చింది. దెబ్బ తగిలింది నాకైతే అలిగింది ఈయనా? వాళ్లింటికే పోయాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను పోయి ఎదురుగా, పెదవులు కనబడేలా కూర్చున్నాను.

"నిన్ను సంపుదును బిడ్డా. ముసలోన్ని, నాకెందుకు గీ పెద్దరికం? గా బండి శీనుకే ఇయ్యుమను," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నా కోపం ఎటు పోయిందో పోయింది.

"అయితే చెప్పు కాక, రెండు తీగలు ఒక్కసారే ఎందుకు గుంజాలె?" అన్నాను.

 ఏం చేయాలో నాకూ అప్పటికి తెలియదు. లేచి పోదామని నిలబడబోయాను. నిలబడేటప్పుడు క్యాలిపర్ మోకాలి దగ్గరున్న ఇనుప రింగు కిందికి జారి పట్టుకుంటుంది, అప్పుడు మోకాలు మడత పడదు. కూర్చోవాలంటే రింగును పైకి జరుపుకోవాలి. రోజుకు యాభైసార్లు చేసే పని. ఆ రోజు ఆ రింగు నా వేళ్ల కింద కొంచెం దూరం ఖాళీగా జారి, తర్వాత పట్టుకోవడం కొత్తగా తెలిసింది. మళ్లీ పైకి జరిపాను. మళ్లీ వదిలాను.

"కాక, చెయ్యి పెట్టు," అన్నాను.

నా కాలిని ఎప్పుడూ ఎవరికీ చూపించేదాన్ని కాదు. చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కునేదాన్ని. ఆ రోజు మోకాలి దాకా పక్కకు జరిపి, ఆయన అరచేతిని రింగు మీద పెట్టాను. రింగును జార్చాను. ఖాళీగా జారింది, పట్టుకుంది. ఇంకోసారి. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మూడోసారికి కళ్లు తెరిచాడు.

"బ్రేకు తీగకు గిట్ల ఖాళీ ఇయ్యాలె," అన్నాడు మెల్లగా. "సగం గుంజితె క్లచ్చు. ఇంకింత గుంజితెనే బ్రేకు. ఓరి నీ! గిది నీ కాలికే ఉన్నది గదనే!"

బ్రేకు తీగ చివర ఒక రేకు ముక్క బిగించి, దానికి గుండ్రటి బెజ్జం బదులు పొడవాటి బెజ్జం కోశాం. పని అంతే. రేకును ఆకురాయితో రాకింది నేనే. ఆయన పక్కన కూర్చుని, ఇంకింత, ఇంకింత, అంటూ పల్లీలు తిన్నాడు.

దసరా నాడు బండికి బంతిపూలు కట్టి, నిమ్మకాయలు తొక్కించి, జమ్మి దగ్గరికి నడుపుకుంటూ పోయాను. కాకను వెనక కూర్చోమన్నాను. భయపడతాడనుకుంటే సీటు కింద చట్రానికి అరచెయ్యి ఆనించి, "మూడో గేరుల జర గునుస్తున్నది," అని వంక పెట్టాడు. జమ్మి దగ్గర పెద్దబాపు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. జమ్మి ఆకు నా చేతిలో పెడుతూ, "అచ్చం మా తమ్ముని లెక్కనే గూసున్నవు బిడ్డా," అన్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు.

ఇంటికి వచ్చాక కాక నన్ను ఒక మాట అడిగాడు. "బండి ఎట్ల సప్పుడు జేస్తది బిడ్డా?"

మూడు నెలలు ఆయన చేతుల్లో తిరిగిన బండి చప్పుడు ఆయన ఒక్కసారి కూడా వినలేదన్న సంగతి అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు.  మాటలు వెతికి వెతికి, చివరికి ఆయన చెయ్యి పట్టుకుని, అరచేతిలో నా వేలితో తట్టాను, బండి నిలబడి ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు కొట్టుకునే తీరులో. తట్టి, కొంచెం ఆగి, మళ్లీ తట్టి. ఆయన కాసేపు పట్టి చూసి నవ్వాడు.

"గిదేనా? గిది నేను ఇంజన్ నడిచిన మొదటి దినమే యిన్న," అన్నాడు.

కాక నిరుడు ఎండాకాలంలో పోయాడు. నాకు జగిత్యాలకు బదిలీ అయింది, బండీ నాతో వచ్చింది. పొద్దున కిక్కు కొట్టాక ట్యాంకు మీద అరచెయ్యి ఆనించకుండా బయల్దేరను. బడిలో పిల్లలు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పను. మా టీచరుకు ఏమీ రాదని వాళ్లు చాటుగా అనుకుంటారని తెలుసు, అననీ. అరిగిన ఆ హ్యాండిల్ వంకీలో ఇప్పుడు నా వేళ్లు సరిగ్గా కూర్చుంటున్నాయి.

పోయిన ఆదివారం శీను తన కొత్త బండి వేసుకుని కోరుట్ల నుంచి వచ్చాడు. షోరూంలో మూడుసార్లు చూపించినా ఏదో వణుకు పోలేదట. "జర సూడక్కా, ఏమైందో నువ్వే చెప్పాలె," అన్నాడు.

బండి స్టార్ట్ చేయమన్నాను. నా చెయ్యి అప్పటికే ముందుకు పోయింది. మధ్యలో ఆపుకుని, వాడి చెయ్యి పట్టుకుని ఇంజన్ పక్కన చట్రం మీద పెట్టాను.

"ముందు నువ్వు చెప్పు," అన్నాను.