రొజారిన్ చదవని నాలుగు వరుసలు

ఎవరింటి పెళ్ళిలో ఎన్ని కేకులు కోశారో అడుగుతారు, ఎవరి పంది ఎంత తూగిందో అడుగుతారు. రొజారిన్ గురించి ఒక్కరైనా నన్ను అడిగారా? మీ అమ్మల ఉత్తరాలన్నీ ఆవిడ చేతుల మీదుగానే సముద్రం దాటాయి. సిగ్గుండాలి మీకు. కూర్చోండి.

అప్పట్లో మా వాడ మగవాళ్ళంతా ఓడల మీద పనుల్లోనే ఉండేవారు. కంప్యూటర్ ఉన్నది రొజారిన్ ఇంట్లో ఒక్కచోటే. చదువురాని ఆడవాళ్ళు నోటితో చెబితే ఆవిడ టైపు చేసి పంపేది. ఓడ నుంచి వచ్చిన ఈమెయిళ్ళు చదివి వినిపించేది. వచ్చినవన్నీ ఆ పెట్టెలోకే దిగిపోయేవి, ఇంకెక్కడా మిగిలేవి కావు.

అప్పుడు మా వాడలోనే ఉండే పియెదాద్‌కు ఏడో నెల. మొగుడు మింగెల్ నుంచి మెయిల్ వచ్చింది. ఓడలో రెండో ఇంజనీరు తనను కొడుతున్నాడనీ, సముద్రంలోకి తోసేస్తానంటున్నాడనీ, ఓడ పనికి పంపిన ఏజెంటుతో మాట్లాడి తర్వాతి రేవులో దింపించమనీ నాలుగు వరుసలు. రొజారిన్ వాటిని మింగేసింది. కింద ఉన్నది మాత్రం చదివింది.

"బాగున్నాడే. బిడ్డకి పేరు ఆలోచించమంటున్నాడు."

కడుపుతో ఉన్నది బెదిరిపోతుందని, పురుడయ్యాక చెబుదామనుకుంది. ఇరవయ్యో రోజున మింగెల్ సముద్రంలో పడి చనిపోయాడని కబురు. తనంతట తనే దూకాడని కంపెనీ కాగితం.

బిడ్డ పుట్టాక పియెదాద్ వచ్చింది. "దూకే మనిషి కాదు బాయి వాడు. ఆఖరి మెయిల్ తియ్యి. బిడ్డ పేరు అడిగినవాడు ఎలా దూకుతాడో కంపెనీవాళ్ళనే చెప్పమంటాను."

అప్పటికే వానల చెమ్మకి కంప్యూటర్ మొరాయించింది. వానాకాలంలో ఎండుచేపల్నీ సాసేజీ దండల్నీ పొయ్యి మీది అటకన పొగకు పెడతాం కదా, రొజారిన్ ఆ పెట్టెనీ వాటి పక్కనే ఆరబెట్టింది. వారం తర్వాత దింపి మీట నొక్కితే మూలుగు కూడా లేదు.

అది చచ్చినట్టే పడి ఉంటే ఆ నాలుగు వరుసల సంగతి ఎవరికీ తెలియదు. మింగెల్ మాత్రం దూకినవాడుగానే మిగిలిపోతాడు. రొజారిన్ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు పెట్టెను గోనెసంచిలో చుట్టి మడగావ్ బస్సెక్కింది.

రిపేరు చేసే ఆవెర్తాన్ మూత విప్పి ముక్కు మూసుకున్నాడు. "ఏం బాయి, కాల్చుకు తిందామనుకున్నారా దీన్ని? అంతా మసి! చేపల కంపు!"

"నీ వెటకారం తర్వాత. ఉత్తరాలు వస్తాయా, రావా?"

"మిషన్ ఇక లేవదు. డిస్కు ఊడదీసి నా దానికి తగిలించి చూస్తాను."

మధ్యాహ్నానికి పిలిచాడు. "వచ్చాయి, మూడేళ్ళవీ. ఏది కావాలి?"

"మింగెల్‌ది. ఆఖరిది."

తెరిచి చదివాడు. వెటకారం పోయింది. "ఇది మీరు ముందే చూశారా?"

"అచ్చు వెయ్యి."

పియెదాద్ పసిదానికి పాలిస్తూ రొజారిన్ ఇంటి గడప దగ్గర కూర్చుంది. రొజారిన్ ఈసారి ఒక్క మాట వదలకుండా చదివింది.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"బిడ్డకి పేరు ఆలోచించమన్నాడని చదివానే, ఆ రోజు."

"అప్పటికింకా ఇరవై రోజులు ఉన్నాయి బాయి," అంది పియెదాద్. గొంతు పెంచలేదు. "ఆ కడుపుతోనే నడిచి వెళ్ళేదాన్ని ఏజెంటు దగ్గరికి."

కాగితం లాక్కుని వెళ్ళిపోయింది. దాన్ని చూపిస్తే కంపెనీ 'దూకాడు' కొట్టేసి 'కారణం తెలియదు' అని రాసింది. ఆ మాట మార్చడం తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

ఆ తర్వాత మా వాడలో ఎవరూ రొజారిన్ మెట్లెక్కలేదు. నేనూ ఎక్కలేదు. చనిపోయేనాటికి ఆవిడ వయసు నలభై తొమ్మిదేళ్ళు.