నేను దిద్దిన ‘ఏటి’

మొన్న పలాసలో మా ఇంటి వసారాలో కూర్చుని మా అమ్మాయి ఫోనులో ఏదో ఆట ఆడుతుంటే తొంగి చూశాను. పరుగులూ కాల్పులూ లేవు. పరాయి దేశపు నగరంలో చదువుకుంటున్న ఒక పిల్ల బొమ్మ, కింద ఆమె మాటలు, మనం ఎంచుకోవలసిన రెండు మూడు జవాబులు. ఏది ఎంచుకుంటే కథ ఆ దారిన పోతుంది. “నాన్నా, ఇలాటిదే నువ్వూ రాసేవంట గదా, మామ్మ సెప్పింది” అంది. ఆ మాటకు తలూపడం నాకు ఏళ్ల తరబడి అలవాటు. ఈసారి ఊపలేకపోయాను.

ఆ కథ రాసింది నేను కాదు, మా చెల్లెలు.

కంప్యూటరు నేర్చుకుంటే చాలు బతుకు గట్టెక్కుతుందని మన ఈడువాళ్లం నమ్మిన రోజుల్లో నేను విశాఖలో, నలుగురు పనిచేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. తెలుగులో ఇటువంటి ఆట చెయ్యాలని తలపెట్టి కథ నన్ను రాయమన్నారు. నాకా విద్య లేదు. టెక్కలిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న చెల్లెలిని అడిగితే, “నా పేరు ఏత్తారా?” అని ఒక్కటే అడిగింది. వేయిస్తానని మాటిచ్చాను.

తను ఏ పరాయి దేశమూ చూడలేదు గాని, ఒడియా ముక్క రాకుండా బరంపురం హాస్టల్లో రెండేళ్లు చదివింది. ఆ బెంగనే తీసుకెళ్లి, మంచు కురిసే పరాయి నగరంలో చదువుకునే పిల్లకు పెట్టింది. మంచు మీద నడక ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నౌపడ ఉప్పుమడుల దగ్గరికి నన్ను లాక్కెళ్లి, ఉప్పు మీద చెప్పులతో నడిచి చూసి, ఆ కరకర చప్పుడును నోటుపుస్తకంలో రాసుకుంది. “తొక్కిన ఉప్పు నువ్వే కొనుక్కెలిపో తల్లీ” అని అక్కడి కూలీ ఆవిడ నవ్వింది.

కథలో పిల్లకు తల్లి ఫోను చేసే చోట చెల్లెలు మన మాటలే రాసింది: ‘ఏటి తిన్నావు? సలేత్తందేటి?’ ఆఫీసులో చేరిన కొత్తలో ‘ఏటండి’ అన్నందుకు నాకు ‘ఏటిగాడు’ అని పేరు పెట్టారు. ఆ సిగ్గుతో, కథంతా చదివే ఓపిక కూడా లేక, ‘ఏటి’ ఉన్న ప్రతిచోటా ‘ఏమిటి’ వచ్చేలా ఒక్క మీట నొక్కి మార్చేశాను.

ఆట తయారయ్యాక ఇంటికి తెచ్చి చూపించాను. చివర్లో, ఆ పిల్లా స్నేహితురాలూ ఏటి గట్టున కూర్చుని వీడ్కోలు చెప్పుకునే చోటికి రాగానే చెల్లెలు పగలబడి నవ్వింది. “అన్నియ్యా, ‘ఏమిటి గట్టు’ ఏటిరా! అది నాగావళి లాటి ఏరురా బాబూ!” అంటూ కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఆట చేసినవాళ్ల పేర్లు వచ్చాయి. కథ అన్నచోట నా పేరు ఒక్కటే ఉంది. నవ్వు ఆగిపోయింది. నోటుపుస్తకం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆఫీసు పెద్దాయన ఇంకో కథ అడిగినప్పుడైనా నిజం చెప్పవలసింది. తీరిక లేదన్నాను. చెల్లెలు మళ్లీ కథ రాయలేదు.

మొన్న అమ్మాయికి ఇదంతా చెప్పి, చెల్లెలికి ఫోను చేసి, చెప్పానని చెప్పాను. “మంచిది అన్నయ్యా. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి” అంది. ఆట చూసిన ఆ రోజు మొదలు నాతో ఇలాగే, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతుంది. ఫోను అమ్మాయి లాక్కోగానే, “ఏటే, ఎప్పుడొత్తన్నావే? తిన్నావేటి?” అంటూ చెల్లెలి గొంతు గది దాటి వినిపించింది.

ఇప్పటి పిల్లలకు ఆ మాటంటే సిగ్గు లేదు. ఫోను వీడియోల్లో మన యాస వింటూ ఊళ్లకు ఊళ్లు మురిసిపోతున్నాయి. ఎంత మంచి కాలం వచ్చింది! నా చెల్లెలు మాత్రం నాతో తప్పు లేని తెలుగే మాట్లాడుతోంది.