శుక్రవారం బేరం

ప్లాట్లు అమ్మే పనిలో చేరిన కొత్తలో సరిత పెట్టిన మొదటి పెద్ద ఖర్చు కోడికూర. కోరుట్ల శివార్లలో, మేడిపల్లి పోయే దారిలో వేసిన వెంచర్ చూపించడానికి ఒక ఆదివారం జీపు మాట్లాడి, భోజనం కూడా అక్కడే అంది. జీపు నిండా జనం వచ్చారు. నీడ చూసుకుని తృప్తిగా తిన్నారు. హద్దురాళ్ళ మీద కూర్చుని చేతులు కడుక్కున్నారు. తిరిగొచ్చేటప్పుడు మొగిలవ్వ అనే పెద్దావిడ మెచ్చుకుంది కూడా.

"కూర మంచిగున్నది బిడ్డా. మల్ల ఎప్పుడు తోల్కపోతవ్?"

జాగ గురించి ఎవరూ అడగలేదు.

సరిత పుట్టిల్లు సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. కోరుట్లకు కోడలిగా వచ్చింది. తోటి ఏజెంట్లలో ఒకరి బావ మాజీ సర్పంచ్, ఇంకొకరికి సగం ఊరు క్లాస్‌మేట్లే. సరితకు ఈ ఊళ్ళో తెలిసింది తనతో కూర్చుని బీడీలు చుట్టిన ఆడవాళ్ళు మాత్రమే. ఆమె చేతిలోని రంగుల కాగితం చూసి, "మాకెందుకే ప్లాట్లు, నువ్వే ఒకటి ఉంచుకో" అని నవ్వేవాళ్ళు. జగిత్యాల బస్టాండులో కాగితాలు పంచితే ఒకతను ఆమె ఎదుటే దాంట్లో పల్లీలు పొట్లం కట్టించుకున్నాడు.

బీడీల పని మానేయడం అత్త కొమురవ్వకు ఇష్టం లేదు. భర్త రంజిత్ మధ్యలో పడి ఒప్పించాడు గానీ, గడువు పెట్టింది అత్తే.

"దసరా దాక చూస్త. గప్పటికి ఒక్క జాగన్న అమ్మకపోతే మల్ల చాట ముంగటేసుకునుడే."

చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, పొద్దుగూకేదాకా మెడ వంచి కూర్చోవడం ఎట్లా ఉంటుందో సరితకు తెలుసు. మళ్ళీ వద్దనుకుంది అందుకే. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది, ఒక్క బేరమూ లేదు.

ఒక శుక్రవారం పొద్దున పక్కింటి ఐలవ్వ గోడ మీది నుంచి ఫోన్ అందించింది. కువైట్‌లో ఉన్న ఆమె కొడుకు భూమేశ్ వీడియోలో ఉన్నాడు. అతని వెనక ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు.

"వదినా, ప్లాట్లు అమ్ముతున్నవట గదా. నాకు చూపియ్యరాదు?"

"ఆదివారం పోయినప్పుడు చూపిస్త భూమేశ్."

"ఆదివారం నాకు డ్యూటీ. మాకు సెలవు గీ శుక్రారమే."

సరితకు అప్పుడు తట్టింది. ఏజెంట్లందరూ జాగలు చూపించేది ఆదివారం. కొనగలిగిన మగవాళ్ళలో సగంమంది ఆదివారం గల్ఫ్‌లో పని చేస్తుంటారు.

వెంటనే స్కూటీ తీసి వెంచర్‌కు పోయింది. తన ఫోన్‌లో భూమేశ్‌కు వీడియో కలిపి, తూర్పు రోడ్డు, ఉత్తరం రోడ్డు, కరెంటు స్తంభాలు అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. అవతల కిసకిసలు వినిపించాయి.

"వదినా, అంత మంచిగనే చెప్తున్నవ్ గని, ఇప్పటిదాక నువ్వే కనవడుతున్నవ్. జాగ కనవడ్తలేదు."

కెమెరా తనవైపే ఉంది. సిగ్గుపడుతూ తిప్పింది. భూమేశ్ ఒక్కడే కాదు, గదిలోని వాళ్ళంతా ఫోన్ చుట్టూ మూగి ఉన్నారని అప్పుడు తెలిసింది.

"అక్కా, గా మక్క చేను ఎవలది?"

"గా బస్సు మెట్‌పల్లిదా?"

"జర మబ్బు చూపెట్టక్కా. వానొస్తదా?"

ప్లాటు వదిలేసి అందరూ ఊరు చూస్తున్నారు. సరిత విసుక్కోకుండా అడిగినవన్నీ చూపించింది. ఒకతను మాత్రం, "మెయిన్ రోడ్డు ఎంత దూరం?" అన్నాడు.

"చెప్పుడెందుకు, నడుస్త చూడు" అని ఫోన్ ఎత్తిపట్టుకుని రోడ్డుదాకా నడిచింది. మధ్యలో మేకలు అడ్డం వస్తే అవి దాటేదాకా ఆగింది.

భూమేశ్ ఆలోచించి చెప్తానన్నాడు. దూరం అడిగినతను మాత్రం తర్వాతి శుక్రవారం తనే ఫోన్ చేశాడు. పేరు అక్బర్, కోరుట్లవాడే.

"మొన్న ఒకాయన రోడ్డు పక్కకే అని చెప్పి కార్ల పోతూ వీడియో తీసిండు. నువ్వు నడిచినవ్ అక్కా. నాకైతే పసందే. కని మా అమ్మీ హా అనాలె."

అక్బర్ తల్లి రాబియా బీ మరునాడు కోడలు సానియాతో ఆటోలో వచ్చింది. కొలతలు అడగలేదు, హద్దురాళ్ళు చూడలేదు. గొడుగు కింద నిలబడి ఒకటే అడిగింది.

"బేటీ, ఇక్కడికి అజాన్ వినొస్తదా?"

వినొస్తుందని అనేయడం ఎంతసేపు? సరితకు నోరు రాలేదు.

"తెల్వదమ్మా. మధ్యాహ్నం నమాజ్ టైం అయితుంది గదా. నిలవడి విందాం."

నిలబడ్డారు. వెంచర్ చివర జేసీబీ మట్టి చదును చేస్తూ చెవులు గింగురుమనిపిస్తోంది. సరిత పరుగెత్తింది.

"అన్నా, జర బందు వెట్టు, నీకు దండం వెడ్త!"

డ్రైవర్ ఆపి, సంగతేమిటో తెలుసుకుని, తనూ దిగొచ్చి చెవి రిక్కించాడు. కాసేపటికి గాలి ఇటు మళ్ళింది. దూరం నుంచి సన్నగా పిలుపు వచ్చింది.

"వచ్చింది!" అన్నాడు డ్రైవర్.

"వచ్చింది" అంది సానియా, తల మీద దుపట్టా సర్దుకుంటూ.

రాబియా బీ తల అడ్డంగా ఊపింది. "నాకైతే వినొస్తలేదు."

సరితకు దసరా గడువు అక్కడే తీరిపోయినట్టనిపించింది.

సానియా పకపకా నవ్వింది. "అమ్మీ, మసీదు మనింటెన్కనే ఉన్నది. అదన్న వినొస్తదా నీకు? దినాం నేనే గదా చెప్పేది!"

"చుప్, పాగల్! బయటోళ్ళ ముంగట చెప్తవా?" అని రాబియా బీ ఉరిమి చూసింది గానీ, ఆమెకే నవ్వాగలేదు. సరిత వైపు తిరిగింది. "సరే బేటీ. దీనికి వినొస్తే సాలు. నమాజుకు లేపేది ఇదేనాయె. అక్బర్‌కు ఫోన్ కలుపు."

రాబియా బీ అడ్వాన్సు ఇచ్చి బయానా కాగితం రాసుకున్న సాయంత్రం భూమేశ్ ఫోన్‌లో అలిగాడు. "ముందుగాల అడిగింది నేను గదా వదినా. అక్బర్ భాయ్‌కి ఎట్ల ఇస్తవు?"

"ఆయన పక్కదే ఉన్నది, తీసుకోరాదు?"

"ఉంచు, ఉంచు. శుక్రారం రూముల ఇంకిద్దరు చూస్తరట. ఆళ్ళు చూసేలోపు నాది ఖాయం చెయ్యి."

కొమురవ్వ వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. ఫోన్ పెట్టేశాక గడప దగ్గరికి వచ్చింది.

"శుక్రారం వంట నేనే చేస్త తియ్యి" అంది. "పొద్దుగాలనే పో, ఎండెక్కుతది."