వెంకాయమ్మ ఇచ్చిన మైకు

బోటాటౌంగ్ రేవుకు పోయే వీధి మలుపులో వెంకాయమ్మ శనగపప్పు వడలు వేసి అమ్మేది. ఎదురుగా కలప వర్తకుడు లింగరాజు మేడ. ఆయన భార్య తార. వెంకాయమ్మ తల్లీ తార తల్లీ గంజాం నుంచి ఒకే ఓడలో ఈ బర్మీయుల దేశం వచ్చారు. ఒకామె కూతురు మేడెక్కింది, ఒకామె కూతురు వీధిలోనే ఉండిపోయింది. సాయంత్రం తార కిటికీలో దీపం వెలిగితే ఆ వెలుగు వచ్చి వెంకాయమ్మ నూనెలో వణికేది. ఆమె దాన్ని గరిటెతో పక్కకు తోసేది.

తొంభైలో, అన్నేళ్ళ సైనిక పాలన తర్వాత, ఎన్నికలన్నారు. ఆ పేటలో సైన్యానికి వ్యతిరేకంగా ఒక లాయరు నిలబడ్డాడు. ఖిన్ ఖిన్ అనే కాలేజీ పిల్ల వెదురు టోపీ తిరగేసి చందా అడుగుతూ వచ్చింది. వెంకాయమ్మ ఆ పూట అమ్మకమంతా అందులో పోసేసింది. నోట్ల నిండా నూనె మరకలు.

తార పద్ధతి వేరు. వర్తకులను భోజనానికి పిలిచి, పాయసం వడ్డించేలోగా అందరి చేతా కవర్లు ఇప్పించింది. తన వంతుగా ప్రచారపు బండికి మైకు సెట్టు కొనిచ్చింది.

ఇచ్చినవాళ్ళ పేర్లు పైకి చదవడం ఆ ఊరి ఆచారం. సభలకు పర్మిషను దొరకని రోజులు గనక తార ఇంటి హాల్లోనే చదివారు. వెంకాయమ్మ గుమ్మం పట్టుకుని వింది. మొదట ‘దో తార’ అన్నారు, గౌరవంగా ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే ‘దో’ పెట్టి. ఆ తర్వాత వర్తకులు. చివర ‘ఇంకా రేవు జనం’ అన్నారు. ఆ మాటలో ఆమె నీళ్ళలో ఉప్పులా కరిగిపోయింది.

"ఏటప్పా, నీ పేరు నూనెలో ఏగిపోనాదేటి?" అన్నాడు మూటలు మోసే జోగి.

"నీ నోరు ఏగిపోను. వడ తిను."

లాయరు గెలిచాడు. సైన్యం గద్దె మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వానలు మొదలయ్యాక జీపు వచ్చి మలుపులో ఆగింది.

"మైకు ఎవరిచ్చారు, కలామా?" అన్నాడు వార్డు అధికారి. భారతీయ ఆడదాన్ని అక్కడ అలాగే పిలుస్తారు. "పేరు చెప్పు, నీ చోట నువ్వు కూర్చో. చెప్పకపోతే ఈ చోటు ఉండదు."

తార పేరు నాలుక చివరే ఉంది, ఎన్నేళ్ళుగానో నానుతోంది. అనబోయి ఆగింది వెంకాయమ్మ. మళ్ళీ ఆ పేరే ముందా?

"నేనే," అంది.

"వడలమ్మి మైకు కొన్నావా?"

"ఏం, కొనకూడదా?"

అతను నవ్వలేదు. పేరడిగాడు. పక్కనున్న సిపాయికి గట్టిగా, ఒక్కో అక్షరం పలికి రాయించాడు: "దో వెంకాయమ్మ." వీధంతా విన్నది. సిపాయి నూనె ఒంపేసి, పొయ్యీ మూకుడూ జీపులో పడేశాడు. నూనె వాన నీటిలో రంగురంగులుగా విచ్చుకుంటూ మేడ గుమ్మం దాకా పాకింది.

మర్నాడు తార గొడుగేసుకుని మెట్లు దిగి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అలగెందుకు సెప్పీసావొదినా? నా పేరు సెప్పీవలసింది."

పొయ్యి ఉండే చోటు నల్లగా తడుస్తోంది. వెంకాయమ్మ అటే చూస్తూ అంది:

"నీ పేరు ఒకపాలి సదివేరు కదే. సాల్దేటి?"