కిటికీల మేస్త్రి చూసిన ఎండలు

ఆ ఊరు దేశానికి ఉత్తరపు కొసన ఉంది. ఊరు దాటితే ఇక సముద్రమే. ఏడాదిలో ముప్పాతిక భాగం అక్కడ గాలిదే రాజ్యం. ఆవగింజంత సందు దొరికితే చాలు, పిలవని చుట్టంలా లోపలికొచ్చి మంచమెక్కి కూర్చుంటుంది. అలాంటి ఊళ్ళో కిటికీల మేస్త్రికి చేతినిండా పని ఉండడంలో వింత లేదు.

అద్దాల చుట్టూ లప్పం పెట్టడం, రెక్కకీ చట్రానికీ మధ్య ఉన్ని పట్టీలు దూర్చడం, మరీ వదులైన రెక్కలని మేకులతో బిగించి, పైన మందంగా రంగు పూసి కిటికీనీ గోడనీ ఏకం చేసేయడం ఆయన వృత్తి. తండ్రి నుంచి వచ్చిన విద్య. మేస్త్రి మూసిన కిటికీలోంచి చీమ కూడా దూరదని ఊళ్ళో పేరు. ఆ మాట ఎవరైనా ఎదురుగా అంటే తల దించుకుని సుత్తి వెతుక్కునేవాడు గానీ లోపల సంతోషించేవాడు. చలికి వణికే మనిషిని చూస్తే ఆయన ఊరుకోలేడు. ఇంకొకరి గదిలోకి వెచ్చదనం తెచ్చి పెట్టడం కంటే పెద్ద పని మనిషికి ఉంటుందని ఆయన అనుకోలేదు.

కూతురికి నడక రాకముందే భార్య పోయింది. అప్పుడు ఆదుకున్నది అక్క. ఆవిడ బట్టలు కుట్టుకుని బతికేది, తనకి పిల్లల్లేరు. తమ్ముడి కూతుర్ని కడుపులో పెట్టుకుని పెంచింది. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, ఒక పాత మేడ మీద, రేకుల కప్పు కింద ఉన్న చివరి వాటాలో ఒక్కతే ఉంటోంది. కిందకి వచ్చెయ్యమంటే, ఈ వయసులో ఇల్లు మారితే కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కూడా గుర్తుండదనేది. ఆ వాటాకున్న కిటికీలని మేస్త్రి తన చేత్తో బిగించాడు. అంత శ్రద్ధగా ఆయన మరే ఇంట్లోనూ చెయ్యలేదు.

కూతురు చదువుకుని ఊళ్ళోని వాతావరణ కార్యాలయంలో చేరింది. వసంతం చివర్లో రాబోయే వేసవి ఎలా ఉంటుందో లెక్కగట్టి ప్రకటన తయారు చేయడం ఆమె పని. ఏటా ఆ ప్రకటనలో చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. మబ్బులు, జల్లులు, నడుమ నాలుగు ఎండపొద్దులు. ఆ ఏడాది మాత్రం లెక్కలు వేరుగా వచ్చాయి. సముద్రపు గాలి పడిపోయి, నేలమీదుగా వేడిగాలి వీచే రోజులు ఎక్కువగా ఉంటాయని తేలింది. ఆమె అదే రాసి, చివర ఒక వాక్యం చేర్చింది. మన ఇళ్ళు చలి కోసం కట్టినవి కాబట్టి పై అంతస్తుల్లో ఉండే పెద్దవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని. పై అధికారి ఆ వాక్యం కొట్టేశాడు. వాతావరణం చెప్పడమే మన పని, ఇళ్ళ సంగతి మనకెందుకు, సెలవులకి వచ్చేవాళ్ళని బెదరగొట్టడం దేనికి అన్నాడు. చివరికి రేడియోలో వచ్చిన మాట ఒక్కటే: ఈ వేసవిలో మనకి ఎండ పుష్కలం.

ఊరు పండగ చేసుకుంది. టీ కొట్టువాడు వీధిలోకి కుర్చీలు వేశాడు. బట్టల దుకాణాల్లో టోపీలు వేలాడాయి. స్నానాలకి వచ్చేవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి ఒడ్డున కట్టి, ఏళ్ళ తరబడి పాడుపడి ఉన్న చెక్క గదులని బాగు చేయించడానికి వాటి యజమాని మేస్త్రిని పిలిచాడు. ఆయనా హుషారుగానే ఒప్పుకున్నాడు.

ఆ ఊళ్ళో మేస్త్రికి ఉన్న ఒకే ఒక స్నేహితుడు ఓడ వంటవాడు. పని మానేసి చాలా కాలమైనా అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. వేడి వంటగదుల్లో బతికి వచ్చినవాడు కాబట్టి ఆ ఊరి గాలికి గజగజలాడేవాడు. కిందటి శరత్కాలంలో మేస్త్రిని పట్టుకుని, మూడంతస్తుల పైన ఉన్న తన గదిని డబ్బాలా బిగించమన్నాడు. ఆదివారాలు ఇద్దరూ ఆ గదిలో కూర్చుని చదరంగం ఆడేవారు. వేసవి కబురు విని వంటవాడు పగలబడి నవ్వాడు. "ఓడ పొయ్యి ముందు ముసలాణ్ణయినవాణ్ణి. ఈ ఊరి ఎండ నన్నేం చేస్తుంది? రానీ, దాని సంగతి చూద్దాం," అన్నాడు.

కూతురు మాత్రం నవ్వలేదు. భోజనం దగ్గర తండ్రికి విడమరిచి చెప్పింది. ఇది ఒడ్డున పడుకునే ఎండ కాదు, పగలు కాగిన రేకులు రాత్రికి కూడా చల్లారవు, ముందే వెళ్ళి అత్తయ్య కిటికీలు తీసిపెట్టమంది. ఆయన సరేనని ఒక ఆదివారం సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు.

అక్క శాలువా కప్పుకుని కుట్టుపని చేసుకుంటోంది. సంగతి విని సూది పక్కన పెట్టింది.

"నీకేమైనా మతి పోయిందా? ఇన్నేళ్ళకి నా గదిలో గాలి ఆడకుండా చేశావు. ఇప్పుడు నువ్వే వచ్చి ఊడగొడతావా?"

"అమ్మాయి తీయమంది అక్కా. బాగా వేడిగా ఉంటుందట."

"చలికి పోయినవాళ్ళని చూశాను గానీ, ఈ ఊళ్ళో ఎండకి పోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. దాన్ని పెంచింది నేను. నాకు చెబుతుందా? వెళ్ళి నీ పని చూసుకో."

మేస్త్రి గట్టిగా అడగలేదు. నిజం చెప్పాలంటే ఆయనకి ఊపిరి వచ్చినట్టయింది. అంత ముచ్చటగా చేసిన పనిని పాడుచేయాలంటే చేతులు రావడం లేదు. టీ తాగి వచ్చేశాడు.

వేడి చెప్పా పెట్టకుండా వచ్చింది. ఒక ఉదయం సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. పిల్లలు నీళ్ళలోంచి బయటికి రాలేదు. పెద్దవాళ్ళు ఆఫీసులు ఎగ్గొట్టి ఒడ్డుకి చేరారు. ఇలాంటి ఎండ పుట్టి బుద్ధెరిగి చూడలేదని ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయారు. ఆ మర్నాడూ అంతే. ఆ తర్వాత మురిపెం తగ్గింది. రాత్రిళ్ళు గోడలు తాకితే వెచ్చగా తగిలేవి. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకునేది. మేస్త్రి ఒడ్డున నీడలో పని చేస్తున్నాడు కాబట్టి, చెమటలు కక్కినా మేడల మీద ఎలా ఉందో ఆయన ఊహకి అందలేదు.

కూతురికి కార్యాలయంలోనే సరిపోయేది. ఒక మధ్యాహ్నం అక్కడి నుంచి తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, అత్తయ్య కిటికీలు తీశావా?"

"వద్దందమ్మా. సాయంత్రం పని అయ్యాక మళ్ళీ వెళ్తాలే."

"సాయంత్రం కాదు నాన్నా. ఇప్పుడు వెళ్ళు. పొద్దుట్నుంచీ తను ఫోన్ ఎత్తడం లేదు," అంది.

చేతిలో పట్టుకున్న చెక్క పలక అక్కడే వదిలేసి, సంచి అందుకుని మేస్త్రి బయల్దేరాడు. మెట్లు ఎక్కుతుంటే ఒక్కో అంతస్తు దగ్గరా వేడి చిక్కబడింది. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసేసరికి, కుంపటి మూత తీసినట్టు సెగ మొహాన కొట్టింది.

అక్క వంటింటి నేల మీద పడి ఉంది. శాలువా ఇంకా భుజాల మీదే ఉంది. ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఆయన్ని చూసి, నాన్న పడవ ఒడ్డుకొచ్చిందా అని అడిగింది. వాళ్ళ నాన్న పోయి ఎన్నేళ్ళో అయింది.

కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. రంగు పొరలోకి ఉలి దింపాడు. అది జారి చెయ్యి గీసుకుంది. మేకుల తలలు లప్పం కింద ఎక్కడున్నాయో దాచినవాడికి తెలుసు. అయినా ఒక్కటీ కదల్లేదు. అంత బాగా కొట్టాడు. చివరికి సుత్తి ఎత్తి అద్దాన్ని బద్దలు కొట్టాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. తను బిగించిన అద్దాలు తన కాళ్ళ దగ్గర రాలుతుంటే, కిందింటివాళ్ళు చప్పుడు విని పైకి వచ్చారు. తడి దుప్పట్లో చుట్టి, నలుగురూ పట్టుకుని ఆవిడని కిందకి దించారు.

ఆసుపత్రి నడవాలో నడవడానికి చోటు లేదు. బల్లల మీద, నేల మీద పరుపుల మీద ముసలివాళ్ళు. నర్సు అక్కకి సెలైన్ పెట్టి, ఇంకా వస్తూనే ఉన్నారని గొణుక్కుంటూ వెళ్ళింది. మేస్త్రి ఆ మొహాల వంక చూశాడు. బేకరీ పక్క మేడ మీదుండే తాత. పోస్టాఫీసు పైన ఉండే దంపతులు. ఆ పక్కన గుడ్డి టైపిస్టు. ఒక్కొక్కరూ తెలిసినవాళ్ళే. వాళ్ళందరి ఇళ్ళలోనూ ఆయన టీ తాగాడు. అందరి కిటికీలూ ఆయన చేతి మీదుగా మూతపడ్డవే.

వెంట వచ్చిన కిందింటావిడని అక్క దగ్గర కూర్చోబెట్టి, సంచి తీసుకుని బయటపడ్డాడు. ఇంకా ఆసుపత్రికి రాని పై అంతస్తులు ఎన్నో ఆయనకి గుర్తున్నాయి. దారిలో కనబడ్డ వడ్రంగినీ ఇద్దరు రంగులు వేసేవాళ్ళనీ వెంటబెట్టుకున్నాడు. తలుపులు తట్టారు, మేకులు పీకారు, ఊడనిచోట అద్దాలు పగలగొట్టారు. మంచం దిగలేనివాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళారు. ఓడ వంటవాడు రెండుసార్లు మనసులోకి వచ్చాడు. వాడు పొయ్యి ముందు బతికినవాడు, గట్టి పిండం, కాస్త ఆగినా ఫరవాలేదనుకున్నాడు.

వాడి మెట్లు ఎక్కేసరికి పొద్దు వాలుతోంది. తలుపు తడితే పలకలేదు. వడ్రంగి భుజంతో తోసి తలుపు తెరిచాడు. వంటవాడు కిటికీ పక్కన కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. పోయి చాలాసేపయింది. కాళ్ళ దగ్గర వంటకత్తి పడి ఉంది. కిటికీ చట్రం చుట్టూ రంగు గీకిన గాట్లు. ఒక మూల ఒక మేకు తల దాకా తవ్వాడు. అక్కడితో ఆగిపోయింది.

మేస్త్రి ఆ మేకుని పట్టకారుతో పీకాడు. తర్వాత మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా పీకాడు. "ఇక ఎందుకన్నా," అని వడ్రంగి వారించినా వినలేదు. రెక్క తెరుచుకున్నాక వచ్చి స్నేహితుడి పక్కన కూర్చున్నాడు.

అంత్యక్రియలకి చాలామంది వచ్చారు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. నువ్వు ఆ సాయంత్రం తిరగకపోతే ఇంకెందరు పోయేవారో అని చేతులు పట్టుకున్నవాళ్ళే ఉన్నారు. ఆ మాటలు ఆయనకి తిట్టినదానికంటే కష్టంగా తోచాయి.

అక్క బతికింది. ఇంటికి వచ్చాక కొన్ని మాటలు మాత్రం ఎంత వెతికినా నాలుకకి అందేవి కావు. కత్తెరని "అది, ఆ రెండు కాళ్ళది" అనేది. తన మాటకి తనే నవ్వుకునేది. మేడ దిగి తమ్ముడి ఇంటికి వచ్చి ఉండడానికి ఈసారి పేచీ పెట్టలేదు.

ఒకరోజు కూతురు తండ్రి ముందు కూర్చుని, ఇన్నాళ్ళూ దాచుకున్నది చెప్పింది. "నేను రాసిన వాక్యం కొట్టేస్తుంటే ఊరుకున్నాను నాన్నా. ఆ రోజే గట్టిగా అడగాల్సింది."

"ఆ వాక్యం ఊరికి చేరలేదేమో గానీ నాకు చేరిందమ్మా," అన్నాడు మేస్త్రి. "నువ్వు అన్నం దగ్గర కూర్చోబెట్టి వివరంగా చెప్పావు. నేనే చెవిన పెట్టలేదు."

ఇద్దరిలో ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. అక్క మాత్రం మంచం మీంచి, వద్దన్నది తనైతే మధ్యలో మీ గొడవేమిటని విసుక్కుంది.

శరత్కాలం రాగానే కిటికీలు మూయమని కబుర్లు మొదలయ్యాయి. మొదట ఆయన వెళ్ళలేదు. సుత్తి పట్టుకుంటే వంటవాడి గది గుర్తొచ్చేది. అప్పుడు అక్కే అంది: "చలికి పిల్లలు దగ్గుతున్నారు. నీ బాధ పెట్టుకుని వాళ్ళని వణికిస్తావా? మూయి. కానీ తెరవడానికి వీలుగా మూయి." ఆయన వడ్రంగితో కూర్చుని ఒక ఏర్పాటు చేశాడు. ప్రతి కిటికీలోనూ పైన ఒక చిన్న అద్దపు రెక్క, దానికి మడతబందులు, లోపలివైపు గడియ. చలికాలం ఉన్ని పట్టీతో బిగుసుకుంటుంది, కావాలంటే చిన్నపిల్ల కూడా తియ్యగలదు. చూడ్డానికి మునుపటంత అందంగా లేదని కొందరు పెదవి విరిచారు. నిజమే, అందంగా లేదు.

ఓడ వంటవాడి గది యజమాని కూడా పిలిచాడు. కొత్తగా అద్దెకి వచ్చేవాళ్ళు చూస్తే బాగోదు, ఆ గాట్లు లప్పంతో పూడ్చి రంగు వేసెయ్యమన్నాడు. మేస్త్రి లప్పం కలుపుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు గానీ చెయ్యి ముందుకు పోలేదు. చివరికి చట్రం మొత్తం ఊడదీసి కొత్తది పెట్టాడు. పాత చెక్కని ఏం చేశాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మరుసటి వేసవికి లెక్కలు మామూలుగానే వచ్చాయి. మబ్బులు, జల్లులు. కూతురు ప్రకటన చివర పై అంతస్తుల వాక్యాన్ని మళ్ళీ రాసింది. ఈ ఏడు ఎండే లేదు కదా, ఎందుకని అధికారి అడిగాడు. తీసేస్తే తన పేరు కూడా తీసెయ్యమని ఆమె అంది. వాక్యం ఉండిపోయింది. రేడియోలో విన్నవాళ్ళు నవ్వుకున్నారు. వర్షంలో తడుస్తూ మేస్త్రి సంచి భుజాన వేసుకుని, మేడ మేడా ఎక్కి, ప్రతి రెక్కా తెరుచుకుంటోందో లేదో చూసుకుంటూ తిరిగాడు. బేకరీ పక్క తాత ఆయన్ని గుమ్మంలోనే ఆపి, చలి లోపలికి వస్తుంది, తొందరగా కానిమ్మన్నాడు. అలాగేనండీ అని మేస్త్రి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.